ప్యాకెట్‌కి ముద్ర ఎవరు వేయాలి? ఆఫీసు నెట్‌వర్క్‌లో క్యూఓఎస్‌కి ఐదు దారులు

విజయవాడలో ఒక ఆఫీసు. నలభై మంది మనుషులు, ఇరవై ఐపీ ఫోన్లు, ఒకే బ్రాడ్‌బ్యాండ్ లైను. డౌన్‌లోడ్ 100 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 20. రోజూ సాయంత్రం నాలుగు దాటిందంటే ఫోన్లో అవతలి నుంచి ఒకటే మాట: "మీ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోందండీ." సరిగ్గా నాలుగింటికే అకౌంట్స్ వాళ్ల ట్యాలీ బ్యాకప్ క్లౌడ్‌కి ఎక్కడం మొదలవుతుంది. ఈ రెండింటికీ లంకె ఉందని తెలియడానికి రెండు నెలలు పట్టింది. ఈలోగా ఫోన్లు మార్చారు, కేబుళ్లు మార్చారు. చివరికి నన్ను పిలిచారు. నేను వెళ్లి చేసిన మొదటి పని కూడా తప్పే. ఆ కథ పోర్టు నంబర్ల దగ్గర చెప్తాను.

మందు క్యూఓఎస్ (తొందర ఉన్న ట్రాఫిక్‌ని ముందు పంపే ఏర్పాటు) అని అందరికీ తెలుసు. చిక్కంతా మొదటి మెట్టు దగ్గరే. ఏది వాయిస్, ఏది బ్యాకప్ అని ఎవరు తేల్చాలి? తేల్చాక ఆ గుర్తు ఎక్కడ వేయాలి? ఈ గుర్తు తిరుమలలో బ్రేక్ దర్శనం సిఫార్సు లెటర్ లాంటిది. లెటర్ జేబులో ఉన్నంత మాత్రాన ఎవరూ ముందుకి పోరు, దాన్ని చూసి వేరే లైనులోకి పంపే కౌంటర్ ఒకటి ఉండాలి. ఆ లెటర్ ఎవరిచ్చారో కౌంటర్‌కి నమ్మకం ఉండాలి. పదిమందిలో తొమ్మిది మంది లెటర్‌తో వస్తే ఆ లైనూ సర్వదర్శనం లైనే.

ముందు కౌంటర్ మీ చేతిలో ఉందా?

20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైను ముందున్న ఫైబర్ మోడెంలో 1 ఎంబీ బఫర్ (ప్యాకెట్లు వంతు కోసం ఆగే చోటు) ఉందనుకోండి. బ్యాకప్ దాన్ని నింపేస్తే ఖాళీ కావడానికి 0.4 సెకను, అంటే 400 మిల్లీసెకన్లు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ ఇబ్బంది లేకుండా సాగుతుందని ఐటీయూ జీ.114 సిఫార్సు. ఫోన్ ప్యాకెట్ మన రౌటర్ దాటి వెళ్లి ఆ మోడెంలోని క్యూలో అందరితోపాటు నిలబడుతుంది. మీరు ఎంత చక్కగా మార్క్ చేసినా ఆ మోడెం దాన్ని చదవదు.

అందుకే మొదట రౌటర్లో అప్‌లోడ్‌ని 18 ఎంబీపీఎస్‌కి షేప్ చేయాలి, అంటే అంతకు మించి పోకుండా బిగించాలి. రెండు ఎంబీపీఎస్ వదులుకున్నట్టే, కానీ దాంతో క్యూ మోడెం నుంచి మన రౌటర్లోకి వస్తుంది. అప్పుడే ఎవరిని ముందు పంపాలో చెప్పే అధికారం మనకి ఉంటుంది. ఇది చేయకుండా మార్కింగ్ రూల్స్ రాయడం నేల విడిచి సాము చేయడమే. నేను చూసిన "క్యూఓఎస్ పెట్టాం, పనిచేయలేదు" కేసుల్లో ఎక్కువ ఇవే.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

అన్నిటికన్నా పెద్ద ప్రశ్న, యంత్రాలు ఎవరివి? కంపెనీ ఇచ్చి, డొమైన్‌లో (యంత్రాలన్నిటినీ ఒకచోట నుంచి నడిపే ఏర్పాటు) చేర్చి, సాఫ్ట్‌వేర్ మీరే వేసే ల్యాప్‌టాప్‌లైతే వాటి మాట నమ్మొచ్చు. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లు తెచ్చుకునే చోట, హాస్టల్లో, కో-వర్కింగ్ ఆఫీసులో ఆ నమ్మకం పెట్టలేం.

రెండోది, మీరు లేనప్పుడు దాన్ని చూసేదెవరు? యాభై రూల్స్ రాసి వెళ్లిపోతే ఆరు నెలల తర్వాత వాటిని ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. చిన్న ఆఫీసుకి ఈ ఒక్క ప్రశ్నే సగం దారుల్ని కొట్టేస్తుంది.

ఇక మిగిలినవి చూడాల్సినవే కానీ తొందరగా తేలిపోతాయి. మీ ట్రాఫిక్ ఎంతవరకు ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, రౌటర్ సీపీయూకి ఎంత ఓపిక ఉంది, ఆ మార్క్‌ని ఎన్ని పరికరాలు దాటించాలి, అంతే.

ఒకటి: ఏ చోటు నుంచి వచ్చిందో చూడడం

ఫోన్లన్నిటికీ విడిగా వాయిస్ వీల్యాన్ (అవే స్విచ్‌ల మీద వేరు చేసిన నెట్‌వర్క్) పెట్టి, ఆ వీల్యాన్ నుంచి వచ్చిందంతా వాయిస్ అనుకోవడం. అన్నిటిలోకీ మొండి పద్ధతి ఇది, నాకు అన్నిటిలోకీ నచ్చేదీ ఇదే. ప్యాకెట్ లోపల ఏముందో చూడనక్కర్లేదు, ఎన్‌క్రిప్షన్‌తో పని లేదు, సీపీయూ మీద బరువు లేదు. ఐపీ ఫోన్లు, వీడియో కాన్ఫరెన్స్ గది పరికరం, సీసీ కెమెరాలు, బిల్లింగ్ కౌంటర్ల లాంటి ఒకే పని చేసే పెట్టెలకి ఇంతకన్నా మంచి దారి లేదు.

అది ఓడిపోయేది ల్యాప్‌టాప్ దగ్గర. ఒకే యంత్రంలో టీమ్స్ కాల్, యూట్యూబ్, విండోస్ అప్‌డేట్ మూడూ నడుస్తుంటే చోటుని బట్టి ఏం తేలుస్తాం?

రెండు: అడ్రసు, పోర్టు నంబరు చూడడం

సోర్స్ ఐపీ, డెస్టినేషన్ ఐపీ, ప్రోటోకాల్, పోర్టు చూసి రూలు రాయడం. ప్రతి రౌటర్‌కీ వచ్చు, ప్రతి ఇంజనీర్‌కీ వచ్చు, అందుకే అందరూ మొదట ఇటే పరిగెడతారు. నేనూ అంతే.

ఆ విజయవాడ ఆఫీసులో పీబీఎక్స్ (ఆఫీసు ఫోన్ ఎక్స్ఛేంజ్) ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్. దాని శాంపిల్ కాన్ఫిగరేషన్‌లో ఆర్‌టీపీకి (గొంతుని మోసే ప్రోటోకాల్) యూడీపీ 10000 నుంచి 20000 వరకు పోర్టులు ఉంటాయి. ఆ రేంజ్ మొత్తానికి డీఎస్‌సీపీ (ఐపీ హెడర్లో వేసే గుర్తు) 46, అంటే వాయిస్‌కి వాడే విలువ వేసి ప్రయారిటీ క్యూలోకి పంపాను. జీ.711 కోడెక్‌లో (గొంతుని డిజిటల్‌గా మార్చే పద్ధతి) ఒక కాల్‌కి ఐపీ హెడర్లతో కలిపి ఒకవైపు 80 కేబీపీఎస్. ఇరవై ఫోన్లూ ఒకేసారి మాట్లాడినా 1.6 ఎంబీపీఎస్. అందుకే ఆ క్యూకి 2 ఎంబీపీఎస్ పరిమితి పెట్టి, లెక్క కుదిరిందని సంతోషంగా ఇంటికొచ్చాను.

మూడు వారాలకి మళ్లీ ఫోన్. ఈసారి సాయంత్రం నాలుగు కాదు, రాత్రి ఎనిమిది, బ్యాకప్ కూడా నడవడం లేదు. వెళ్లి క్యాప్చర్ పెట్టి (లైను మీద పోయే ప్యాకెట్లని పట్టి) చూస్తే 46 మార్క్‌తో పోతున్న ప్యాకెట్లలో సగానికి పైగా వాయిస్ కాదు. అవి సీసీ కెమెరాల రికార్డర్ పంపుతున్న వీడియో! ఓనర్ గారు ఇంటికెళ్లాక మొబైల్లో ఆఫీసు కెమెరాలు చూసుకుంటారు. ఆ రికార్డర్ ఎంచుకున్న యూడీపీ పోర్టు నేను పెట్టిన రేంజ్‌లో పడింది. ఆయన చూస్తున్నంతసేపు 2 ఎంబీపీఎస్ క్యూ పొంగిపోయి, వాయిస్ ప్యాకెట్లు డ్రాప్ అయ్యాయి. రూలు లేకపోతే బాగుండే ఫోన్లని నా రూలే పాడు చేసింది.

దిద్దుబాటు చిన్నదే. పోర్టుతో పాటు సోర్స్ ఐపీ పీబీఎక్స్‌దే అయ్యుండాలని ఒక్క షరతు. కాల్స్ అన్నీ పీబీఎక్స్ మీదుగానే పోతాయి కాబట్టి అది సరిపోయింది. పోర్టు రేంజ్ ఒక్కదాన్నే నమ్మి ఏ ప్యాకెట్‌కీ పెద్దపీట వేయకండి.

సర్వీసు తన పోర్టులు ప్రకటించిన చోట ఈ దారి బాగా పనికొస్తుంది. ఉదాహరణకి టీమ్స్ మీడియా సర్వర్ వైపు యూడీపీ 3478 నుంచి 3481 వరకు వాడుతుంది. వాట్సాప్ కాల్స్ లాంటివాటికి మాత్రం పోర్టు పట్టుకుని రాసిన రూలు ఎక్కువ కాలం నిలవదు.

మూడు: యంత్రం తెచ్చిన లెటర్‌ని నమ్మడం

ఫోన్ గానీ ల్యాప్‌టాప్ గానీ తానే డీఎస్‌సీపీ వేసుకుని పంపుతుంది, మీ స్విచ్ దాన్ని అలాగే దాటిస్తుంది. సూత్రంగా చూస్తే ఇదే సరైనది. ఈ ప్యాకెట్ గొంతా, వీడియోనా, ఫైలా అన్నది దాన్ని పుట్టించిన ప్రోగ్రాంకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఎన్‌క్రిప్షన్ ఎంత ఉన్నా తేడా రాదు.

విండోస్‌లో గ్రూప్ పాలసీ ద్వారా ఇది చేయొచ్చు. ప్రోగ్రాం పేరు, సోర్స్ పోర్టులు ఇచ్చి డీఎస్‌సీపీ విలువ చెప్తే చాలు. టీమ్స్‌కి మైక్రోసాఫ్ట్ సూచించే పట్టిక ఇది: ఆడియోకి 50000–50019 పోర్టులు, విలువ 46. వీడియోకి 50020–50039, విలువ 34. స్క్రీన్ షేరింగ్‌కి 50040–50059, విలువ 18.

ఇందులో రెండు గుంటలున్నాయి. మొదటిది, ఈ పాలసీలు మామూలుగా యంత్రం డొమైన్ నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడే అమలవుతాయి. డొమైన్‌లో చేరని ల్యాప్‌టాప్‌లో పాలసీ రాసి, క్యాప్చర్‌లో సున్నా చూసి తల పట్టుకున్నవాళ్లు చాలామంది. రెండోది, పాలసీ ప్రోగ్రాం పేరుకి కట్టుబడి ఉంటుంది. టీమ్స్ పాత క్లయింట్ నుంచి కొత్త క్లయింట్‌కి మారినప్పుడు ఆ ఫైలు పేరే మారింది. పాత పేరు మీద రాసిన పాలసీ ఏ ఎర్రర్ చూపించకుండా పనిచేయడం మానేస్తుంది.

స్విచ్‌ల దగ్గర కూడా ఒక పేచీ ఉంది. సిస్కో పాత క్యాటలిస్ట్ 2960, 3560, 3750 మోడళ్లలో క్యూఓఎస్ ఆన్ చేయగానే, నమ్మమని చెప్పని ప్రతి పోర్టూ (ఇక్కడ పోర్టు అంటే స్విచ్‌లో కేబుల్ గుచ్చే చోటు) వచ్చిన మార్క్‌ని చెరిపి సున్నా చేసేది. తర్వాత వచ్చిన 9000 సిరీస్‌లో మామూలుగా మార్క్‌ని నమ్ముతాయి. పాత స్విచ్ తీసి కొత్తది పెట్టిన రోజున మీరు ఏమీ మార్చకపోయినా నమ్మకపు సరిహద్దు మారిపోయిందన్నమాట. కొన్ని టోరెంట్ క్లయింట్లలో డీఎస్‌సీపీ ఉండే టాస్ బైట్ విలువని యూజరే పెట్టుకోవచ్చు. ఈ సంగతి తెలిసిన కుర్రాడు ఒక్కడు చాలు. అందుకే నమ్మినా ఆ క్యూకి ఒక పరిమితి పెట్టే నమ్మండి.

నాలుగు: లోపలికి తొంగి చూడడం

డీపీఐ, అంటే ప్యాకెట్ లోపలిది చూసి యాప్‌ని గుర్తుపట్టడం. సిస్కోలో ఎన్‌బార్2, ఓపెన్ సోర్స్‌లో ఎన్‌డీపీఐ, ఫైర్‌వాల్ కంపెనీలన్నిటికీ తలా ఒక పేరు. బ్రోచర్‌లో చాలా అందంగా ఉంటుంది. యాప్ పేర్లు వరసగా కనిపిస్తాయి, టిక్కు పెడితే చాలంటారు.

నిజానికి ఇప్పుడది ఎక్కువగా ఊహ మీద నడుస్తోంది. టీఎల్‌ఎస్‌లో (వెబ్ ట్రాఫిక్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) మొదటి పలకరింపులో కనిపించే సర్వర్ పేరు, వెళ్లే ఐపీ, ప్యాకెట్ల సైజు, వాటి మధ్య ఎడం చూసి ఇది ఫలానా యాప్ అని అంచనా కడుతుంది. 2021లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 9000గా వచ్చిన క్విక్ ప్రోటోకాల్‌లో దాదాపు అంతా యూడీపీ 443 మీదే ఎన్‌క్రిప్ట్ అయి పోతుంది. సర్వర్ పేరుని కూడా దాచే పద్ధతి వచ్చింది. పైగా ఫ్లో (ఒక కనెక్షన్‌కి చెందిన ప్యాకెట్ల వరస) మొదలైన తొలి ప్యాకెట్లు గుర్తింపు తేలకముందే దాటిపోతాయి. ఇంకో ఖర్చు సీపీయూది. డీపీఐ ఆన్ చేశాక రౌటర్ వేగం ఎంతకి పడిపోతుందో స్పెసిఫికేషన్ కాగితంలో వెతకండి. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండే అంకె సాధారణంగా డీపీఐ లేనప్పటిది.

యంత్రాలు మీవి కావు, మనుషులు మీ మాట వినరు, అయినా యాప్‌వారీగా తేడా చూపించాలి అంటే ఇదే దారి. కాలేజీ క్యాంపస్, హాస్టల్ లాంటి చోట్ల. మామూలు ఆఫీసుకి దీనికోసమే కొత్త లైసెన్స్ కొనడం నేను సలహా ఇవ్వను.

ఐదు: అసలు వర్గీకరించకపోవడం

చాలామందికి ఇదొక ఆప్షన్ అనే తట్టదు. ఎఫ్‌క్యూ-కోడెల్, 2018లో లినక్స్ 4.19లోకి వచ్చిన కేక్ లాంటి క్యూలు ప్రతి ఫ్లోకీ విడిగా లైను కట్టించి వంతులవారీగా పంపుతాయి. తక్కువ పంపే ఫ్లోలకి తక్కువ నిరీక్షణ. సెకనుకి 50 చిన్న ప్యాకెట్లు పంపే ఫోన్ కాల్ తన వంతు రాగానే వెళ్లిపోతుంది, లైను నిండా కుమ్మరించే బ్యాకప్ తన క్యూలో తానే ఎదురుచూస్తుంది. ఏది వాయిస్ అని ఎవరూ చెప్పనక్కర్లేదు. వాట్సాప్ కాల్‌కీ, రేపు రాబోయే పేరు తెలియని యాప్‌కీ ఇదే న్యాయం.

ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలోనూ, మైక్రోటిక్ రౌటర్‌ఓఎస్ 7లోనూ ఇవి ఉన్నాయి. లోటు ఎక్కడంటే, లైను మరీ ఇరుకైనప్పుడు సమానంగా పంచడం సరిపోదు. 2 ఎంబీపీఎస్ లైను మీద ఇరవై కాల్స్, ఒక వీడియో మీటింగ్, నాలుగు అప్‌లోడ్లు ఉంటే ఎవరు ఆగాలో ఎవరో ఒకరు చెప్పాల్సిందే.

మైక్రోటిక్ వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. ఫాస్ట్‌ట్రాక్ రూలు ఆన్‌లో ఉంటే ఆ కనెక్షన్లు మాంగిల్ రూల్స్‌నీ (ప్యాకెట్లకి గుర్తు వేసేవి) సింపుల్ క్యూలనీ దాటేసి పోతాయి. ఇంటి రౌటర్ల డిఫాల్ట్ సెట్టింగ్‌లో ఆ రూలు ఆన్‌లోనే వస్తుంది. "కేక్ పెట్టినా తేడా లేదు" అంటే మొదట చూడాల్సింది అదే.

| దారి | నిర్వహణ శ్రమ | ఎన్‌క్రిప్షన్ వల్ల ఇబ్బంది | మోసానికి అవకాశం | ఎవరికి |
|---|---|---|---|---|
| చోటు (వీల్యాన్) | తక్కువ | లేదు | తక్కువ | ఐపీ ఫోన్లు, కెమెరాలు |
| అడ్రసు, పోర్టు | మధ్యస్థం | కొంచెం | మధ్యస్థం | సొంత సర్వర్, పీబీఎక్స్ ఉన్నవాళ్లకి |
| యంత్రం మార్క్ | మొదట ఎక్కువ | లేదు | నమ్మకాన్ని బట్టి | డొమైన్ ఉన్న కంపెనీలకి |
| డీపీఐ | ఎక్కువ | చాలా | తక్కువ | క్యాంపస్, హాస్టల్ |
| వర్గీకరణ లేకుండా | దాదాపు లేదు | లేదు | తక్కువ | ఇల్లు, చిన్న ఆఫీసు |

గుర్తు ఎక్కడ వేయాలి

ఎవరు తేల్చాలో అయింది. ఇప్పుడు ఆ గుర్తు ఏ మూల రాయాలన్న ప్రశ్న. 802.1పీ మార్క్ వీల్యాన్ ట్యాగ్‌లో మూడు బిట్లు, ఎనిమిది విలువలు. ట్యాగ్ లేని పోర్టులో ఆ మార్క్ ఉండదు, రౌటర్ దాటితే పోతుంది. ఒకే స్విచ్‌ల గుంపులో తిరిగేదానికి సరే. డీఎస్‌సీపీ ఐపీ హెడర్లో ఆరు బిట్లు, 64 విలువలు, 1998 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2474 నుంచి ఉంది. రౌటర్లు దాటినా నిలుస్తుంది. ఏది వాడాలని అడిగితే డీఎస్‌సీపీ అనే చెప్తాను. కానీ ఇంటర్నెట్‌లోకి వెళ్లాక దాని మీద ఆశ పెట్టుకోవద్దు, దారిలో ఎవరైనా సున్నా చేసేయొచ్చు. క్యారియర్ దగ్గర ఎంపీఎల్‌ఎస్ వీపీఎన్ (క్యారియర్ సొంత నెట్‌వర్క్ మీద నడిచే ప్రైవేట్ లింకు) కొని, ఒప్పందంలో క్లాసులు రాయించుకుంటే వేరే సంగతి.

మూడోది రౌటర్ లోపల మాత్రమే ఉండే కనెక్షన్ మార్క్. దీన్ని చిన్నచూపు చూడకండి. డౌన్‌లోడ్ వైపు వచ్చే ప్యాకెట్లకి డీఎస్‌సీపీ సాధారణంగా చెరిగిపోయే వస్తుంది. వెళ్లేటప్పుడు కనెక్షన్‌కి వేసిన గుర్తే తిరిగొచ్చే ప్యాకెట్లని గుర్తుపట్టడానికి అక్కరకొస్తుంది.

వైఫై దగ్గర ఒక తమాషా. 46ని బైనరీలో రాస్తే 101110. చాలా పరికరాలు మొదటి మూడు బిట్లు తీసుకుని వైఫై ప్రయారిటీగా వాడతాయి. 101 అంటే 5. వైఫైలో 5 అంటే వీడియో క్లాసు, వాయిస్ క్లాసు 6, 7. అంటే వైర్ మీద రాజాలా వచ్చిన గొంతు గాల్లోకి ఎగరగానే ఒక మెట్టు దిగిపోతుంది. 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8325 దీన్ని 6కి మార్చమని చెప్పింది. మీ యాక్సెస్ పాయింట్‌లో ఆ మ్యాపింగ్ సెట్టింగ్ ఉందేమో ఒకసారి చూడండి.

బ్రాంచికి వీపీఎన్ ఉంటే ఇంకో మాట. ఐపీసెక్ టన్నెల్ లోపలి డీఎస్‌సీపీని బయటి హెడర్‌కి కాపీ చేస్తుంది, వైర్‌గార్డ్ చేయదు. వైర్‌గార్డ్ వాడితే టన్నెల్‌లోకి ఎక్కకముందే వర్గీకరణ, క్యూ రెండూ ముగించాలి.

ఎన్ని క్లాసులు?

ఆర్‌ఎఫ్‌సీ 4594 పన్నెండు సర్వీస్ క్లాసులు చెప్తుంది. అది చదివి పన్నెండూ పెట్టిన చిన్న ఆఫీసుని చూశాను. పన్నెండులో తొమ్మిదింటి కౌంటర్లు సున్నా. నాలుగు చాలు: వాయిస్ 46, వీడియో 34, మామూలు 0, అడుగున ఉండేది ఒకటి.

ఆ అడుగుదే నా అభిమాన క్లాసు. అందరూ ఎవరిని పైకెత్తాలని ఆలోచిస్తారు. ఎవరిని కిందికి దించాలో చూస్తే పని సులువు. బ్యాకప్ ఏ యంత్రం నుంచి పోతుందో ఖాయంగా తెలుసు, పోర్టులు ఊహించే టెన్షన్ లేదు. పొరపాటున ఇంకేదైనా దించినా నష్టం చిన్నదే. పాత అలవాటు ప్రకారం సీఎస్1, అంటే 8 వేస్తారు. కానీ మూడు బిట్లే చూసే పాత పరికరానికి 8 అంటే ప్రిసిడెన్స్ (పాత పద్ధతి ప్రయారిటీ అంకె) 1, సున్నా కన్నా ఎక్కువ! ఆ గొడవ లేకుండా 2019లో ఆర్‌ఎఫ్‌సీ 8622 ఈ అడుగు క్లాసుకి విలువ 1 కేటాయించింది. మీ పరికరం దాన్ని గుర్తిస్తే అదే వాడండి.

మీరు ఎవరైతే ఏది

ఇల్లు, లేదా పదిమంది ఆఫీసు: షేపింగ్ పెట్టి కేక్ ఆన్ చేసి వదిలేయండి. రూల్ ఒక్కటీ వద్దు.

ఐపీ ఫోన్లున్న యాభైమంది ఆఫీసు: వాయిస్ వీల్యాన్, బ్యాకప్‌ని దించే ఒక రూలు, మిగిలినదానికి కేక్ లేదా ఎఫ్‌క్యూ-కోడెల్. నా లెక్కలో ఎక్కువమందికి సరిపోయేది ఇదే.

డొమైన్, టీమ్స్, నాలుగైదు బ్రాంచీలు, క్యారియర్‌తో ఒప్పందం ఉన్న కంపెనీ: గ్రూప్ పాలసీతో యంత్రం దగ్గరే మార్క్ చేయించండి, యాక్సెస్ స్విచ్‌లో నమ్మండి, వాన్ (బయటి లైను) రౌటర్లో పరిమితి పెట్టండి. శ్రమకి తగ్గ ఫలితం ఉంటుంది, చూసుకోవడానికి మనిషి ఉంటేనే.

హాస్టల్, కో-వర్కింగ్: వచ్చిన ప్రతి మార్క్‌నీ గుమ్మంలోనే సున్నా చేసి, మనిషికింత అని పంచండి. కేక్‌లో హోస్ట్‌వారీగా పంచే సెట్టింగ్ ఉంది. యాప్‌వారీ తేడా తప్పదనుకుంటే అప్పుడు డీపీఐ.

ఏది పెట్టినా లైను ఖాళీగా ఉన్నప్పుడు టెస్ట్ చేసి "బాగుంది" అనుకోకండి, ఖాళీ రోడ్డు మీద అంబులెన్స్‌కి దారివ్వడం గొప్ప కాదు. బ్యాకప్ నడిపించి, కాల్ చేసి, వైర్‌షార్క్‌లో 46 మార్క్ ఉన్న ప్యాకెట్లు మాత్రమే వడకట్టి చూడండి. అందులో ఏ ఐపీలు కనిపిస్తున్నాయో చదవండి. లినక్స్ పింగ్‌లో టాస్ విలువ 184 ఇస్తే డీఎస్‌సీపీ 46తో ప్యాకెట్లు పోతాయి. టాస్ బైట్‌లో డీఎస్‌సీపీ పై ఆరు బిట్లలో ఉంటుంది కాబట్టి 46ని 4తో గుణించాలి. రెండో చివర క్యాప్చర్ పెట్టి అది చేరేసరికి ఎంతైందో చూస్తే, దారిలో చెరిపేస్తున్నది ఎవరో దొరికిపోతారు.

విజయవాడ ఆఫీసులో ఇప్పుడున్నవి రెండే రూల్స్. పీబీఎక్స్ ఐపీ నుంచి వచ్చే ఆర్‌టీపీకి 46, బ్యాకప్ యంత్రం నుంచి వచ్చేదానికి 1. మిగతాదంతా 18 ఎంబీపీఎస్ మీద కేక్ చూసుకుంటుంది. బ్యాకప్ పావుగంట ఆలస్యంగా పూర్తవుతోందని అకౌంట్స్ వాళ్లు ఒకసారి అడిగారు. ఓనర్ గారు మాత్రం రాత్రి ఎనిమిదికి కెమెరాలు ఎప్పటిలాగే చూసుకుంటున్నారు.